శృంగారనాయకుడు సి. యస్. ఆర్.

చిలకలపూడి సీతారామాంజనేయులుగారని పూర్తి పేరు చెప్పినచో ఎవరాయన యని అడుగువారే యెక్కువ. సి. యస్. ఆర్. అనగానే 'మాయాబజారు'లోని శకుని కన్నులయెదుట నిలుచును. పాచికలు దొరలించి, కనుబొమ లెగురవేసి నవ్విన ఆ వృద్ధుడు ఒకనాడు ఆంధ్ర రంగస్థలముపై పేరొందిన శృంగారనాయకుడను సంగతి మాత్రము నేటి తరమువారిలో చాలమందికి తెలియదు.

ప్రేమకథలో నాయికను వలచి వలపించు యువపాత్ర ధరించు నటుని ఫ్రెంచివారు జన్ ప్రెమియే యందురు. ప్రథమ యువకుడని దాని యర్థము. ఇంగ్లీషువారును ఆ మాటనే యెరువు తెచ్చుకొనిరి. మన ఆలంకారికులు చెప్పిన నాయకులు నలుగురిలో ధీరలలితుడు దీనికి దగ్గరివాడు. వత్సరాజైన ఉదయనుడు అట్టివాడు. తెలుగు పద్యనాటకమున ఆ గద్దె శ్రీకృష్ణునిది. 'శ్రీకృష్ణ తులాభారము'న అలుక పూనిన సత్యభామను అనునయించు కృష్ణుడు దేవుడుగా గాక ప్రియుడుగా కనుపింపవలెను. ఆ సత్యభామయో, ఆ కాలమున పురుషుడే! బాపట్లలో జన్మించిన స్థానం నరసింహారావుగారు స్త్రీపాత్రలతో ఆంధ్రదేశమును మురిపించుచున్న దినములవి. చీర కట్టిన తోటి నటుని కన్నులలోనికి చూచి వలపు పలికించుట, కడపటి వరుసలో కూర్చున్న రైతును సైతము నమ్మించుట సామాన్యమైన పని కాదు. స్థానంవారి సరసన నిలిచి సి. యస్. ఆర్. ఆ పని నెరవేర్చిరి.

ఆయన 1907 జూలై 11న గుంటూరు జిల్లాలో జన్మించిరి. పాఠశాల చదువు ముగిసిన పిదప సహకారశాఖలో ఉద్యోగము దొరికినది. నెల తిరుగగానే జీతము వచ్చు కొలువు నాటి కుటుంబములకు కొంగుబంగారము. నాటకములవాడనిన పిల్లనిచ్చుటకు వెనుదీయు రోజులవి. అట్టి కాలమున ఆయన ఉద్యోగము విడిచి ముఖమునకు రంగు పూసికొనిరి. చక్కని విగ్రహము, తీయని గాత్రము, మాట యొక్కటియు మింగబడని ఉచ్చారణ ఆయన మూలధనము. రాగము సాగదీసి పద్యార్థమును ముంచివేయు గాయకనటులు పలువురున్న రంగమున ఈ ఉచ్చారణ యొక వరమే. కృష్ణుడు, రాముడు, భవానీశంకరుడు మొదలగు పాత్రలు ఆయనకు కీర్తి తెచ్చినవి. పిమ్మట సొంతముగా సమాజము నెలకొల్పి 'తుకారాము', 'పతితపావన' నాటకములు ప్రదర్శించిరి.

మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములు 1970 వరకు కర్నూలు జిల్లాలోనివి. అయినను గుంటూరునుండి నంద్యాలవైపు పోవు మీటరుగేజి రైలుమార్గము వీనిని పద్యనాటకమునకు పుట్టినిండ్లవంటి గుంటూరు, తెనాలి పట్టణములకు దగ్గర చేసినది. తెల్లవార్లు సాగు నాటకమున రాయబారమున కొక కృష్ణుడు, మరియొక రంగమునకు మరియొక కృష్ణుడు వచ్చు కంట్రాక్టు నాటకముల ముచ్చట ఈ ప్రాంతపు పెద్దలకు క్రొత్త గాదు. ఏ కృష్ణుడు మేలని తగవులాడుకొన్న గ్రామములును కలవు.

ఆ తగవు వెండితెరకును ప్రాకినది. 1936లో ద్రౌపదికథతోనే రెండు చిత్రములు పోటీపడినవి. ఒకదానిలో బళ్లారి రాఘవగారు దుర్యోధనుడు, బందా కనకలింగేశ్వరరావుగారు కృష్ణుడు. రెండవదగు 'ద్రౌపదీ వస్త్రాపహరణము'న యడవల్లి సూర్యనారాయణగారు దుర్యోధనుడు, సి. యస్. ఆర్. కృష్ణుడు. మహానటుడైన రాఘవగారున్నను మొదటిది నిలువలేదు. జనము రెండవదానికే పట్టము గట్టిరి. 1939లో పి. పుల్లయ్యగారు తీసిన 'వేంకటేశ్వర మాహాత్మ్యము'న శాంతకుమారిగారు పద్మావతి కాగా, ఆమెను వలచి వరించిన శ్రీనివాసుడు సి. యస్. ఆర్. అంతకు మించిన శృంగారనాయక పదవి తెలుగువారికి లేదు.

అయితే యీ పదవికి వయస్సే శత్రువు. సంగీతవిద్వాంసుడు అరువదియేండ్ల వరకు పాడవచ్చును. ప్రియుడు నలువది దాటినచో గ్యాలరీ నవ్వును. నడుము లావెక్కినను కిరీటము దింపని కృష్ణులు మన రంగమున కొరత లేదు. పేర్లు చెప్పుట మర్యాద గాదు. సి. యస్. ఆర్. నవ్వులపాలు గాకముందే, ఆ నవ్వును తన చేతిలోనికి తీసికొనిరి. 1946లో వచ్చిన 'గృహప్రవేశము'న కథానాయకుడు యల్. వి. ప్రసాదుగారు, నాయిక భానుమతిగారు. నాయికను పెండ్లాడగోరి భంగపడు రమణారావు వేషము సి. యస్. ఆర్.ది. నాయికను లాలించిన గొంతుతోనే ఆయన అక్కయ్యను బుజ్జగించు హాస్యగీతము పాడి ప్రేక్షకులను నవ్వించిరి. అప్పటికి వయస్సు ముప్పదితొమ్మిది. ఇంకను రెండుమూడేండ్లు ప్రియుడుగా నెట్టుకొని రాగలిగిన దశలోనే దిగివచ్చుటయందు ఆయన తెలివి, ధైర్యము రెండును కానవచ్చును.

పిమ్మటి పదునైదేండ్లు ఆయన అసలు పంటకాలము. 'పాతాళభైరవి' (1951)లో ఉజ్జయినీరాజు, 'రోజులు మారాయి' (1955)లో జమీందారు, ఆ యేటనే 'కన్యాశుల్కము'న రామప్పపంతులు. ముసలితనము మీదపడుచున్నను సరసుడనని మురియు పంతులు వేషమునకు, నిజముగా సరసనాయకుడై యుండిన నటునికంటె తగినవాడెవడు? శృంగారపు నడక, చూపు, చిరునవ్వు ఎట్లుండునో ఎరిగినవాడు గనుకనే అవి ఎక్కడ వెగటగునో ఆయనకు తెలియును. 1957లో 'మాయాబజారు'న కృష్ణుడు నందమూరి తారక రామారావుగారు. ఇరువదియొక్క యేండ్ల క్రిందట ద్రౌపది మానము కాచిన వెండితెర కృష్ణుడు ఈసారి శకునియై, క్రొత్త కృష్ణునికి ప్రత్యర్థిగా పాచికలు చేతబట్టెను.

'జగదేకవీరుని కథ' (1961) మరింత చిత్రము. అందులో ఆయన బాదరాయణ ప్రెగ్గడ యను మంత్రి. రాజనాలగారు ధరించిన మోటురాజును శృంగారవీరుడని పొగడి ఉబ్బించుట, వలపులో మెలకువలు చెప్పి తన పబ్బము గడుపుకొనుట ఆ మంత్రి వృత్తి. తాను తొడిగి విడిచిన వేషమును మరియొకనికి తొడుగజూచి, అది వానికి పొసగకపోవుటను చూచి లోలోన నవ్వుకొను మంత్రిగా ఆయన వెలిగిరి. ఆ చిత్రము వచ్చిన రెండేండ్లకు, 1963 అక్టోబరు 8న, ఏబదియారవ యేట సి. యస్. ఆర్. పరమపదించిరి.