వివేకానందుడు: పది సంపుటాల పరీక్ష

హౌరాలో హుగ్లీ ఒడ్డునున్న బేలూరు మఠానికి ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా కొత్త సంపుటాలు వచ్చాయి. వివేకానందుడు పది పూర్తిచేసి పదకొండోది అందుకున్నారు. శిష్యుడు శరత్‌చంద్ర చక్రవర్తి నమ్మలేదు. వాటిలోంచి కష్టమైనవి ఏరి అడిగారు. జవాబులొచ్చాయి, కొన్నిచోట్ల పుస్తకంలోని మాటలతో సహా.

ఇది బ్రహ్మచర్య ఫలమనేవారు ఆయన. మనసు ఒక్కసారి పట్టుకోగలిగేది ఏడు అంశాలకు కాస్త అటూఇటూ అని 1956లో జార్జ్ మిల్లర్ రాశారు. అయితే ఆ అంశం ఒక అక్షరమైనా కావచ్చు, మొత్తం భావమైనా కావచ్చు. పేరా మొదటి, చివరి వాక్యాలతోనే సారం పట్టడం నరేంద్రుడికి చదువుకునే రోజుల్లోనే అలవాటు. మహిమ కన్నా ఈ సాధనే నమ్మదగిందిగా తోస్తుంది.

అప్పటికే మధుమేహం, ఉబ్బసం. కుడికన్ను సరిగా కనిపించేది కాదు. 1902 జులై 4 మధ్యాహ్నం బ్రహ్మచారులకు దాదాపు మూడు గంటలు సంస్కృత వ్యాకరణం బోధించారు. ఆ రాత్రే కన్నుమూశారు. వయసు 39.