పంతులుగారి తీరిక వేళ

శ్రీనగర్ కాలనీ, ఫిలింనగర్ ప్రాంతాలలో నేడు చలనచిత్రాలకు సంభాషణలు వ్రాసేవారు వాడుక తెలుగును నిస్సంకోచంగా వాడుతున్నారు. ఆ భాషకు గ్రంథగౌరవం కలగాలని వాదించిన వారిలో అగ్రగణ్యులు గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. ఆ వాదం జగమెరిగినదే. దానికి ముందే మొదలై, దానితోపాటు సాగి, ఆయన తీరికనంతా తీసుకొన్న పని మరొకటి ఉన్నది. చదువరులలో ఉపాధ్యాయులు ఎక్కువ గనుక దానిని గురించే చెబుతాను.

1863 ఆగస్టు 29న శ్రీముఖలింగ క్షేత్రానికి చేరువనున్న పర్వతాలపేటలో జన్మించిన రామమూర్తిగారికి పసితనంలోనే పితృవియోగం కలిగింది. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైనారు. ఉద్యోగం చేస్తూనే చదివి 1896లో బి.ఏ. పట్టం పొందారు. అంతటితో పుస్తకం మూసి సుఖంగా ఉండవచ్చును. అట్లా ఉన్నవారు ఎందరు లేరు!

ఆ ఊరి చుట్టుప్రక్కల కొండలలో సవరలున్నారు. వారి భాష ముండా కుటుంబానిది. తెలుగుతో చుట్టరికం లేదు, నాటికి లిపి కూడా లేదు. సవర బిడ్డలకు వారి భాషలోనే చదువు చెప్పాలంటే ముందు ఆ భాష తనకు రావాలి గదా! తెలుగు తెలిసిన సవర నొకరిని ఇంట నిలుపుకొని పంతులుగారు ఆయన వద్ద విద్యార్థి అయినారు. బడిలో గురువు, ఇంట శిష్యుడు. మాటలు వ్రాసుకొన్నారు, కథలు, పాటలు సేకరించారు, వాచకాలు కూర్చి, సొంత ఖర్చుతో బడులు నడిపారు. మద్రాసు ప్రభుత్వం మెచ్చి ధనమివ్వబోగా, దానితో సవరలకు బడి పెట్టవలసిందని కోరారు.

ఆయన చెల్లించిన మూల్యం తక్కువది కాదు. మన్యంలో తిరిగి మలేరియా తెచ్చుకొన్నారు. జ్వరానికి వాడిన క్వినైను వినికిడిని పోగొట్టింది. పుస్తకాలు లేని భాషను చెవితోనే నేర్వాలి. ఆ చెవులే మూతపడినవి. అయినా కుమారుడు సీతాపతిగారి తోడ్పాటుతో పని సాగింది. 1911లో ఉద్యోగం నుండి విరమించారు గాని, విశ్రాంతి ఎక్కడిది? ఒకవైపు వ్యావహారిక భాషావాదం, మరొకవైపు సవర. వ్యాకరణం 1931లోను, ఇంగ్లీషు–సవర నిఘంటువు 1933లోను వెలువడినాయి.

1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరింది. అది సమ్మతించక, అర్ధశతాబ్దికి మించి కాపురమున్న ఊరిని విడిచి, ఆయన రాజమహేంద్రవరం తరలివచ్చారు. సవరలు దూరమైనారు, సవర దూరం కాలేదు. 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు కూడా వెలువడింది. అప్పటికి ఆయన వయస్సు డెబ్బదియైదు. 1940 జనవరి 22న కన్నుమూశారు.