మోక్షమూలర భట్టు – మన విజయనగరం

విజయనగరం పేరు చెప్పగానే కోట, గంటస్తంభం, సంగీత కళాశాల, గురజాడ వారు గుర్తుకు వస్తారు. ఇంగ్లండులో అచ్చయిన ఋగ్వేదంతో కూడా ఈ ఊరికి సంబంధం ఉందని మనలో చాలామందికి తెలియదు. ఆ గ్రంథాన్ని పరిష్కరించినవారు మాక్స్ ముల్లర్. మన దేశ పండితులు ఆయనను ఆదరంగా మోక్షమూలర భట్టు అన్నారు.

ఆయన 1823 డిసెంబరు 6న జర్మనీలోని డెస్సౌ పట్టణంలో జన్మించారు. తండ్రి విల్‌హెల్మ్ ముల్లర్ పేరున్న కవి. కుమారునికి నాలుగేళ్లు నిండకుండానే ఆయన కాలం చేశారు. తల్లి పెంపకంలో పెరిగిన ఆ బాలుడు లైప్జిగ్‌లో చదివి 1843లో డాక్టరేటు పొందాడు. 1845లో పారిస్ వెళ్లి బర్నూఫ్ పండితుని వద్ద చేరాడు. ఋగ్వేదాన్ని సాయణ భాష్యంతో సహా అచ్చు వేయమని ప్రోత్సహించినది ఆ గురువే. వ్రాతప్రతుల కోసం 1846లో ఇంగ్లండు చేరి, అక్కడే స్థిరపడ్డారు.

నకలు తీయడం, మూలంతో సరిచూడడం మన గుమాస్తా ఉద్యోగాల్లో నిత్యకృత్యం. నాలుగు పేజీలు కంపేర్ చేసేసరికే నాకు కళ్లు లాగేవి. ఆయన వేద ప్రతులను అక్షరం అక్షరం పోల్చి చూశారు. మొదటి సంపుటం 1849లో, ఆరవది 1874లో వెలువడ్డాయి. పాతికేళ్లు ఒకే ఫైలు!

1860లో ఆక్స్‌ఫర్డు సంస్కృత ఆచార్య పదవికి పోటీ చేసి ఓడిపోయారు. విదేశీయుడు కావడం, మత విషయాల్లో ఉదారుడన్న పేరు అందుకు కారణమయ్యాయి. ప్రమోషను తప్పిన బాధ మనకు తెలియనిది కాదు. అయినా ఆయన పని ఆపలేదు. 1879 నుండి వివిధ మతాల గ్రంథాలను ఇంగ్లీషులోకి అనువదింపజేసి వరుసగా ప్రచురించారు. ఉపనిషత్తులు, ధమ్మపదం, జైన సూత్రాలు, పార్శీల అవెస్తా, ఖురాను, చైనా దేశపు కన్‌ఫ్యూషియస్, తావో గ్రంథాలు అందులో ఉన్నాయి. ఆయన పోయాక 1910 నాటికి 50 సంపుటాలు పూర్తయ్యాయి. ఒక్క మతమే తెలిసినవానికి అది కూడా సరిగా తెలియదన్నది ఆయన అభిప్రాయం.

ఆయన మీద విమర్శలూ ఉన్నాయి. హిందూమతం క్షీణించి, దాని స్థానంలో క్రైస్తవం వస్తుందని కొన్ని లేఖల్లో ఆశించారు. అది దాచవలసిన విషయం కాదు. కానీ 1882లో కేంబ్రిడ్జిలో, మన దేశానికి రానున్న ఐ.సి.యస్. అభ్యర్థులకు, భారతదేశం నుండి నేర్చుకోవలసినది ఎంతో ఉందని బోధించినవారూ ఆయనే. 1896లో వివేకానందస్వామిని తన ఇంట ఆదరించారు. 1898లో రామకృష్ణ పరమహంస జీవితం రాశారు. మన దేశాన్ని మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు.

ఋగ్వేదం రెండవ ముద్రణకు ధనసహాయం చేసినవారు మన మహారాజు ఆనంద గజపతి. 1890–92 మధ్య నాలుగు సంపుటాలు వచ్చాయి. 14వ శతాబ్దిలో సాయణుడు భాష్యం రాసినది తుంగభద్రా తీరపు విజయనగర రాజుల ఆశ్రయంలో. ఐదు శతాబ్దాల తరువాత దాన్ని మళ్లీ అచ్చు వేయించినది మన విజయనగరం! క్రైస్తవుడైన పండితుని చేతికి వేదం అప్పగించడానికి మహారాజు సందేహించలేదు.

మోక్షమూలర భట్టు 1900 అక్టోబరు 28న ఆక్స్‌ఫర్డులో కన్నుమూశారు. మన సభ్యుల్లో అన్ని మతాలవారూ ఉన్నారు. విశ్రాంతి ఉన్న ఈ వయసులో, పక్కవారి మత గ్రంథం ఒక్కటైనా శ్రద్ధగా చదువుదామని నా మనవి.