44 పొరల గాజు

క్లబ్ వాళ్లు ఈ సంచికకి ఎవరైనా సైంటిస్ట్ జీవితం రాసివ్వమన్నారు. కలాం గారి మీద, రామన్ గారి మీద ఎవరో ఒకరు రాసే ఉంటారు కదా అని నేను కాథరిన్ బ్లాడ్జెట్ పేరు ఇచ్చాను. ఎవరావిడ అని అడిగారు. నాకూ ఆర్నెల్ల క్రితం దాకా తెలీదు. మా డాడీ టార్చ్‌లైట్ పాడుచేసి తెలుసుకున్నాను. కాబట్టి ముందు ఆ సంగతి.

డాడీ పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో పనిచేస్తారు. పెద్ద పెద్ద ట్యాంకులు, పైపులు చేసే చోటు. వెల్డింగ్ అయ్యాక లోపలికి దూరి, అతుకుల్లో ఎక్కడైనా పగులు గానీ సూదిమొనంత రంధ్రం గానీ ఉందేమో చూడాలి. ఫోన్ లైటు దానికి చాలదు. పోయిన దసరా బోనస్‌తో ఒక పవర్‌ఫుల్ టార్చ్ కొనుక్కున్నారు. ముందుండే గాజుని పక్క నుంచి చూస్తే లేత ఊదా రంగు మెరుస్తూ ఉండేది. నేను అది ఏదో మరక అనుకున్నాను.

ఒక ఆదివారం మంచిపని చేద్దామని బుద్ధి పుట్టింది. గాజు మీద గ్రైండింగ్ దుమ్ము ఉంటే టీషర్ట్ అంచుతో గట్టిగా తుడిచాను. చారలు పడ్డాయి. గీతలు పోవాలంటే టూత్‌పేస్ట్ రుద్దాలని ఎక్కడో వీడియోలో చూసిన గుర్తు. రుద్దాను. మధ్యలో ఊదా రంగు పోయి అంచు చుట్టూ రింగులా మిగిలింది. మరక వదిలిందని సంతోషపడ్డాను కూడా!

మర్నాడు డాడీ డ్యూటీకి బయల్దేరేముందు టార్చ్‌ని కిటికీ వైపు పెట్టి అటూ ఇటూ తిప్పి చూశారు. ఏమీ అనలేదు. తిడితే బాగుండేది. రెండ్రోజుల తర్వాత అమ్మతో చెప్తుంటే విన్నాను, ట్యాంకులో వెలుతురు మసగ్గా పరుచుకుంటోందని, ఒక్కో అతుకు రెండేసి సార్లు చూడాల్సి వస్తోందని. ఆ రాత్రే కూర్చుని ఆ ఊదా రంగు ఏంటో వెతికాను. అలా దొరికారు బ్లాడ్జెట్.

ఆవిడ 1898 జనవరి 10న అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని స్కెనెక్టడీ అనే ఊళ్లో పుట్టారు. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఊరది. మన రామచంద్రాపురానికి బీహెచ్‌ఈఎల్ ఎలాగో ఆ ఊరికి ఆ కంపెనీ అలాగ. తండ్రి అందులో పేటెంట్ల లాయరు. ఈవిడ పుట్టడానికి కొన్ని వారాల ముందు ఇంట్లోకి దూరిన దొంగ ఆయన్ని కాల్చి చంపాడు. తల్లి పిల్లలిద్దర్నీ తీసుకుని న్యూయార్క్ నగరానికి, తర్వాత కొన్నాళ్లు ఫ్రాన్స్‌కి వెళ్లింది. చదువుకి లోటు రాలేదు. 15 ఏళ్లకే స్కాలర్‌షిప్ మీద బ్రిన్ మార్ కాలేజీలో చేరి, 1917లో డిగ్రీ పూర్తి చేశారు. అప్పటికి ఆవిడ వయసు 19. నా వయసూ అంతే. నేను టూత్‌పేస్ట్ దగ్గర ఉన్నాను.

ఫైనల్ ఇయర్ సెలవుల్లో ఆవిడ తండ్రి పనిచేసిన కంపెనీ ల్యాబ్ చూడ్డానికి వెళ్లారు. అక్కడ ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ అనే సైంటిస్ట్ ల్యాబ్ అంతా తిప్పి చూపించి, ఇంకా పైచదువు చదివి రమ్మని సలహా ఇచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధం రోజులు. షికాగోలో గ్యాస్ మాస్కుల్లో వాడే బొగ్గు విషవాయువుల్ని ఎలా పట్టుకుంటుందో పరిశోధించి మాస్టర్స్ చేశారు. 1918లో ఆ ల్యాబ్‌లో చేరిన మొదటి మహిళా సైంటిస్ట్ అయ్యారు. తర్వాత కేంబ్రిడ్జ్ వెళ్లి, రూథర్‌ఫర్డ్ నడిపే కావెండిష్ ల్యాబ్‌లో పనిచేసి, 1926లో అక్కడ ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ తీసుకున్న మొదటి మహిళ అయ్యారు. ఆ యూనివర్సిటీ ఆడవాళ్లకి పూర్తిస్థాయి డిగ్రీలు ఇవ్వడం మొదలైంది 1948లో అన్న సంగతి చదివి రెండోసారి సరిచూసుకున్నాను. నిజమే.

తిరిగొచ్చి మళ్లీ లాంగ్‌మ్యూర్ దగ్గరే చేరారు. ఆయన పని నీళ్ల మీద తేలే నూనె పొరల గురించి. సాంబారు మీద నూనె చుక్క పరుచుకుంటుంది చూడండి, శుభ్రమైన నీటి మీద కొన్ని రకాల కొవ్వు పదార్థాలు అలా పరుచుకుంటూ పోయి చివరికి ఒక్క అణువు మందం దగ్గర ఆగిపోతాయి. ఆయనకి 1932లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది ఇలాంటి ఉపరితలాల పరిశోధనకే. ఆ పొరని నీటి మీద నుంచి గాజు మీదికి ఎక్కించి, ఒకదాని మీద ఒకటి పేర్చవచ్చని చూపించింది మాత్రం బ్లాడ్జెట్. పదార్థం బేరియం స్టియరేట్, అంటే ఒక రకం సబ్బే. గాజు పలకని మెల్లగా దించితే ఒక పొర, పైకి లాగితే ఇంకో పొర. ఒక్కో పొర మందం దాదాపు 2.4 నానోమీటర్లు. పొరలు పెరిగే కొద్దీ సబ్బు బుడగ మీద లాగా రంగులు మారుతుంటాయి. ఆ రంగుల్ని వరసగా మెట్లలా పేర్చి ఒక కొలబద్ద తయారు చేశారు. రంగు చూసి మందం చెప్పెయ్యొచ్చు.

ఇక్కడ కొంచెం ఫిజిక్స్. మామూలు గాజు ఒక్కో ముఖం దగ్గర దాదాపు 4 శాతం వెలుతురుని వెనక్కి కొడుతుంది. రెండు ముఖాలు కలిపితే 8 శాతం. గాజు మీద కాంతి తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు మందం పొర ఉంటే, పొర పైనుంచి తిరిగొచ్చే కాంతి, కింద గాజు నుంచి తిరిగొచ్చే కాంతి ఎదురెదురై ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. వెనక్కి పోవాల్సిన వెలుతురు కూడా ముందుకే వెళ్తుంది. ఇది ఎంసెట్ కోసం ఫార్ములాగా బట్టీ పట్టాను, మార్కులూ వచ్చాయి. ఇంట్లో టార్చ్ మీద ఉంటే గుర్తుపట్టలేకపోయాను.

బ్లాడ్జెట్ లెక్కకి 44 పొరలు సరిపోయాయి. కానీ ఇంకో చిక్కు. పొర రిఫ్రాక్టివ్ ఇండెక్స్ గాజు కంటే తక్కువ ఉండాలి, సబ్బు పొరది ఇంచుమించు గాజుకి సమానం. అందుకని పొరలో స్టియరిక్ ఆమ్లం కలిపి ఉంచి, తర్వాత బెంజీన్‌లో నానబెట్టి ఆ ఆమ్లాన్ని మాత్రం కరిగించేశారు. మిగిలింది సన్నసన్నని ఖాళీలున్న అస్థిపంజరం లాంటి పొర, ఇండెక్స్ తగ్గింది. 1938 డిసెంబర్‌లో ప్రకటించారు. కాంతిలో 99 శాతం దాకా దాటిపోయే గాజు, ఎదురుగా పెడితే ఉన్నట్టే తెలీదు. నాకు ఆవిడ జీవితంలో అన్నిటికన్నా నచ్చింది ఈ బెంజీన్ ఉపాయమే.

అయితే అది సబ్బు. పైగా లోపలంతా ఖాళీలు. చేత్తో తుడిస్తే పోయేది. ప్రపంచంలో అంత స్పష్టమైన గాజు, దాని మీద వేలు పెట్టకూడదు! ఆవిడ ప్రకటన వచ్చిన రెండు రోజులకే ఎంఐటీలో కార్ట్‌రైట్, టర్నర్ అనే ఇద్దరు వ్యాక్యూమ్‌లో ఫ్లోరైడ్ ఆవిరి పట్టించి అదే పని చేశామని చెప్పారు. జర్మనీలో జైస్ కంపెనీలో స్మకూలా 1935లోనే అలాంటిది చేశాడు. చివరికి నిలిచింది వాళ్ల దారి, ముఖ్యంగా వేడి చేసిన గాజు మీద పూసే మెగ్నీషియం ఫ్లోరైడ్. ఆవిడ ఓడిపోయారని కొందరు అనొచ్చు. నేననుకోను. అణువుల పొరలు పేర్చే ఆ పద్ధతిని ఇప్పటికీ లాంగ్‌మ్యూర్ బ్లాడ్జెట్ ఫిల్మ్ అనే పిలుస్తారు.

రెండో ప్రపంచ యుద్ధంలో పొగ తెరల మీద, విమానం రెక్కలకి మంచు పట్టకుండా చేయడం మీద పనిచేశారు. మొత్తం 8 పేటెంట్లు. 1951లో సొంతూరు ఆవిడ పేరు మీద ఒక రోజుని జరుపుకుంది. తోటపని, ఊళ్లో నాటకాల్లో వేషాలు ఆవిడ సరదాలు. 1963లో రిటైరయ్యారు, 1979 అక్టోబర్ 12న కన్నుమూశారు.

ఇప్పటి పూతలు సబ్బంత మెత్తగా ఉండవు. కానీ మన ఏరియా దుమ్ము కూడా మామూలుది కాదు. కాఠిన్యం కొలిచే మోస్ స్కేల్‌లో ఇసుక 7, గ్రైండింగ్ చక్రంలో ఉండే అల్యూమినియం ఆక్సైడ్ 9. పూత వీటి ముందు నిలవదు. నేను టీషర్ట్‌తో తుడవలేదన్నమాట, సాన పట్టాను. టూత్‌పేస్ట్‌లో కూడా ఉండేది అరగదీసే పొడే.

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి ఇది. టార్చ్ చల్లారేదాకా ముట్టుకోం. ముందు రబ్బరు బ్లోయర్‌తో గాలి కొట్టాలి, నోటితో ఊదితే తుంపర పడుతుంది. అంటుకున్న దుమ్ముని మెత్తని బ్రష్‌తో, నొక్కకుండా లేపాలి. వేలిముద్రో నూనె మరకో మిగిలితేనే శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డ మీద రెండు చుక్కలు లెన్స్ క్లీనర్ వేసి, మధ్య నుంచి అంచుకి గుండ్రంగా తుడవాలి. గాజు మీద నేరుగా పోస్తే అంచు నుంచి లోపలికి దిగొచ్చు. వేలిముద్రని వదిలేయడం కూడా మంచిది కాదు, ఈ టార్చ్‌ల వేడికి అది మాడి అతుక్కుంటుంది. లోపలి రిఫ్లెక్టర్‌ని మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. అది గాజు కంటే సుకుమారం. ఆ గుడ్డని వేరే దేనికీ వాడకుండా జిప్ కవర్లో పెట్టాను. అమ్మ ఒకసారి దానితో గ్యాస్ స్టవ్ తుడవబోతే అరిచినంత పని చేశాను.

పూత పోయిన గాజుకి మరమ్మత్తు లేదు, మార్చాల్సిందే. వ్యాసం కొలిచి, పూత ఉన్న గాజే ఆర్డర్ పెట్టాను. ఖర్చు నా పాకెట్ మనీ నుంచి. వచ్చాక డాడీయే బిగించి, కిటికీ వైపు పెట్టి తిప్పి చూశారు. ఊదా రంగు అంచు దాకా ఉంది. అప్పుడు బ్లాడ్జెట్ గురించి చెప్పాను. అంతా విని, ఆ 44 పొరల్లో ఒకటి తక్కువైతే ఆవిడకి ఎలా తెలుస్తుంది అని అడిగారు. రంగు చూసి అన్నాను. వెల్డింగ్‌లో తామూ అంతే, వేడికి స్టీల్ మీద వచ్చే రంగు చూసి చెప్తామన్నారు. పాత గాజు పారేయలేదు. నా ల్యాప్‌టాప్ పక్కన, మధ్యలో తెల్లగా, అంచున ఊదా రింగుతో ఉంది.