బొగ్గు పొగ, ఒక ఇంజినీరు

1975లో చెకోస్లొవేకియాలోని మోస్త్ అనే ఊళ్ళో ఒక పాత చర్చిని పట్టాల మీద 841 మీటర్లు జరిపారు. కింద బొగ్గు ఉంది మరి! చర్చి బతికింది, పాత ఊరిని మాత్రం కూల్చేశారు. మొదటిసారి చదివినప్పుడు నాకు ఆ ఇంజినీరింగే గొప్పగా అనిపించింది. ఊరు సంగతి తర్వాతే తట్టింది.

ఆ దేశంలోనే 1944లో ప్రాగ్‌లో పుట్టాడు యోసెఫ్ వవ్రౌషెక్. చదివింది మనలాగే ఇంజినీరింగ్. తర్వాత సిస్టమ్స్ వైపు వెళ్ళాడు. అంటే ఒక ఫ్యాక్టరీని విడిగా కాకుండా దాని పొగ, నది, ఊరు అన్నీ కలిపి చూడటం. కమ్యూనిస్టు ప్రభుత్వం కాలుష్యం లెక్కల్ని దాచిపెట్టేది. లెక్కలు లేకుండా సిస్టమ్‌ని ఎలా అర్థం చేసుకుంటాం?

1989 నవంబరు 11న తెప్లిత్సె ఊళ్ళో జనం మంచి గాలి కావాలని వీధుల్లోకి వచ్చారు. ఆరు రోజులకి ప్రాగ్‌లో విద్యార్థుల ఊరేగింపు, ఆ తర్వాత ప్రభుత్వమే పోయింది. ఆ ఉద్యమంలో వవ్రౌషెక్ కూడా ఉన్నాడు. 1990లో ఫెడరల్ పర్యావరణ కమిటీకి అధిపతి అయ్యాడు, మంత్రి హోదాతో.

చేతిలో ఉన్నది రెండేళ్ళే. ఆ కాలంలోనే చెత్త మీద, గాలి మీద, మొత్తం పర్యావరణం మీద కొత్త చట్టాలు వచ్చాయి. నాకు బాగా నచ్చింది మాత్రం 1991 జూన్‌లో దొబ్రీష్ కోటలో ఆయన ఏర్పాటు చేసిన సమావేశం. నిన్నటిదాకా ఇనుప తెరకి చెరోవైపు ఉన్న దేశాల పర్యావరణ మంత్రుల్ని ఒక్కచోట కూర్చోబెట్టాడు. పొగకి పాస్‌పోర్ట్ అక్కర్లేదు కదా! యూరప్ మొత్తం పరిస్థితి మీద ఒక రిపోర్టు రాయాలని అక్కడే అనుకున్నారు.

1992 ఎన్నికల్లో ఆయన పార్టీకి పార్లమెంటులోకి రావడానికి కావాల్సిన 5 శాతం ఓట్లు కూడా రాలేదు. పదవి పోయింది. 1993 జనవరి 1కి ఆ దేశం కూడా రెండు ముక్కలైంది. కొత్త చెక్ ప్రభుత్వానికి మార్కెట్ ముఖ్యం, చెట్లూ నదులూ తర్వాత. ఆయన ఊరుకోలేదు. చట్టాలతో సరిపోదని, మనం దేన్ని విలువైనదిగా అనుకుంటామో అదే మారాలని రాశాడు. అప్పటికే మిత్రులతో కలిసి సుస్థిర జీవనం కోసం ఒక సంఘం పెట్టాడు. అది ఇప్పటికీ నడుస్తోంది.

1995 మార్చి 18న స్లొవేకియాలోని తత్రా కొండల్లో మంచుచరియలు విరిగిపడి ఆయన, ఆయన కూతురు ఇద్దరూ చనిపోయారు. ఆయనకి యాభై ఏళ్ళు. దొబ్రీష్‌లో అనుకున్న ఆ రిపోర్టు అదే ఏడాది పుస్తకంగా వచ్చింది, ఆ కోట పేరుతోనే.