వాల్టరు డాండీ మహాశయుని జీవితము

మెదడులోని కంతిని కోసి తీయుటకంటె అది యెచ్చట నున్నదో తెలిసికొనుటయే కష్టమైన కాలమొకటి యుండెను. చేయి పడిపోయినచో, మాట తడబడినచో కంతి జాడ కొంత తెలియును. మెదడు నడుమ నీటితో నిండిన కుహరములు కలవు. అందు దాగిన కంతి స్పష్టమైన గుర్తేమియు నీయదు. తలనొప్పి, వాంతులు, చూపు మందగించుట, అంతియే. మన నర్సీపట్టణ ప్రాంతమున నట్టి రోగికి గాలి సోకినదని మంత్రగానిని బిలుచుట పెద్ద లెఱిగినదే. వింత యేమన, ఆ కంతిని బట్టి యిచ్చినది నిజముగా గాలియే! దానిని సాధించినవాడు అమెరికా దేశీయుడగు వాల్టరు డాండీ.

ఈయన 1886 ఏప్రిల్ 6వ తేదీన మిస్సోరీ రాష్ట్రమందలి సెడేలియాలో, ఇంగ్లండునుండి వలసవచ్చిన యొక రైలింజను డ్రైవరునకు జన్మించెను. 1910లో బాల్టిమోరు నందలి జాన్స్ హాప్కిన్స్ వైద్యకళాశాలలో పట్టము పొంది, సుప్రసిద్ధుడగు హార్వీ కుషింగు పరిశోధనశాలలో చేరెను. గురుశిష్యులకు పొసగలేదు. 1912లో బోస్టనునకు వెడలునపుడు కుషింగు ఈయనను వెంట గొనిపోలేదు.

ప్రేగునకు చిల్లిపడిన రోగి ఎక్సురే పటములో, బయటపడిన గాలి స్పష్టముగ గానవచ్చుట డాండీ గమనించెను. ఆ గాలినే మెదడు కుహరములలోనికి బంపిన నేమి? కపాలమునకు చిన్న రంధ్రము చేసి, సూది గ్రుచ్చి, నీటిని కొంచెము కొంచెముగ దీసి, ఆ తావున గాలిని నింపి ఎక్సురే తీసెను. కుహరము ప్రక్కకు ఒరిగినను, గాలి యొకచోట చొరకున్నను, కంతి దాపుననే యున్నదని యర్థము. ఈ పద్ధతిని 1918లో ప్రకటించెను. ఇది ప్రాణాపాయము లేని పని కాదు. ఒత్తిడి తట్టుకొనలేక మరణించిన రోగులును గలరు. కుషింగు దీనిని వ్యతిరేకించుట కేవలము మాత్సర్యమని మేము తలపము.

1921లో డాండీ మూడవ కుహరమునందలి నీటితిత్తి వంటి కంతిని తొలగించెను. అట్టి కంతులపై 1933లో గ్రంథమును వెలువరించెను. చెవినరముపై బుట్టు కంతిని పూర్తిగ దీయవచ్చునని 1922లో వ్రాయగా, కుషింగు కోపముతో లేఖ వ్రాసెను.

1937లో సంగీతకర్త జార్జి గెర్ష్విన్ తలనొప్పిని వైద్యులు మనోవికారమని భావించిరి. స్పృహ తప్పిన పిదప డాండీకై వెదకిరి. పడవ విహారమందున్న యాయన న్యూవార్కు విమానాశ్రయము చేరుసరికి, ఆలస్యము చేయరాదని కాలిఫోర్నియాలో నితరులే శస్త్రచికిత్సకు బూనిరి. జూలై 11వ తేదీన రోగి మరణించెను, వయస్సు 38.

డాండీ 1946 ఏప్రిల్ 19వ తేదీన బాల్టిమోరులో హృద్రోగముచే గతించెను. 1971లో లండనునందు తొలి రోగికి సీ.టీ. స్కాను తీసిన పిమ్మట గాలిచిత్రము క్రమముగ మూలబడెను.