జార్జి కోట్జియాస్
జార్జి కోట్జియాస్ (1918 - 1977) పార్కిన్సన్ వ్యాధికి లెవోడోపా చికిత్సను ఆచరణయోగ్యం చేసిన గ్రీకు-అమెరికన్ వైద్య శాస్త్రవేత్త. ఈయన క్రీట్ ద్వీపంలో జన్మించాడు. నాజీల ఆక్రమణ కారణంగా 1941లో అమెరికా చేరాడు.

తెలుగునాట పొదలపై పాకే దూలగొండి గింజల నుండి లెవోడోపాను 1937లో మద్రాసు శాస్త్రవేత్తలు వేరుచేశారు. మెదడులో డోపమైన్ కొరతను ఇది తీర్చగలదని తరువాత తెలిసినా, వాంతుల వలన రోగులు తట్టుకోలేకపోయేవారు. కోట్జియాస్ ఘనత మందును ఇచ్చే పద్ధతిలోనే ఉంది. బ్రూక్‌హావెన్ ప్రయోగశాలలో స్వల్ప మోతాదుతో మొదలుపెట్టి, వారాల తరబడి కొద్దికొద్దిగా పెంచుతూ పోయాడు. 1967లో ఫలితాలు ప్రకటించాడు. మొదట వాడిన మిశ్రమ డోపా కొందరి రక్తకణాలను దెబ్బతీయడంతో లెవోడోపాకు మారాడు.

ఈ మందుతో అసంకల్పిత కదలికలు వస్తాయని కూడా ఈయనే గుర్తించాడు. 1970లో ఈయన పరీక్షించిన అపోమార్ఫిన్‌ను నేడు వ్యాధి ముదిరినవారికి పంపు ద్వారా చర్మం కిందికి ఎక్కిస్తున్నారు. 1969లో లాస్కర్ పురస్కారం పొందిన కోట్జియాస్ ఊపిరితిత్తుల క్యాన్సరుతో మరణించాడు.